పళ్లెం ఎంత లోతులో మాయమైంది?

(తెరపై: కరీంనగర్, లోయర్ మానేరు డ్యామ్. శ్రావణమాసం, పొద్దున. కింద రాయి కట్టిన తెల్ల పళ్లెం తాడుతో నీళ్లలోకి దిగుతుంది.)

నమస్తే! పళ్లేన్నే చూడండి. దిగుతోంది... మసకబారింది... ఇక కనిపించట్లేదు. తాడు తడిసింది మూరెడే! 1865లో ఆంజెలో సెక్కి అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో తెలుసుకోవడానికి సముద్రంలో ఇలాగే తెల్లటి పళ్లేలు దించి చూశారు.

మూరెడులో పళ్లెం మాయమైందంటే, రెండు మూరలు దాటిన అడుగున వేళ్లూనే మొక్కకు, అంటే మనం నాచు అనేదానికి, వెలుతురు చాలదు. అది ఆహారం తయారు చేసుకోలేదు. నీళ్లలో బలం ఎంతున్నా అంతే.

(తెరపై: శ్రీరాంసాగర్, కొత్తనీటి వరద.)

గోదావరి ఇక్కడికి రాగానే వేగం తగ్గుతుంది. ఇసుక ముందే దిగిపోతుంది. సన్నటి బంకమట్టి మాత్రం రోజుల తరబడి తేలుతూనే ఉంటుంది. అందుకే ఎగువన నీళ్లు బురద. ఆనకట్ట దగ్గరికి వచ్చేసరికి తేటపడతాయి, కానీ అక్కడ లోతెక్కువ. ఎగువన లోతు తక్కువైనా వెలుతురు లేదు, ఆనకట్ట దగ్గర వెలుతురున్నా అడుగు దాకా పోదు. నాచుకు మిగిలేవి పక్క పాయలు, లోతులేని అంచులు. ఆ అంచులకూ భరోసా లేదు. కాలువలకు నీళ్లు వదిలాక మట్టం పడిపోతుంది, ఎండాకాలం వచ్చేసరికి అవి నెర్రెలు బారతాయి. చెరువుల్లో పెరిగినంత నాచు డ్యాముల్లో పెరగనిది ముఖ్యంగా ఇందుకే.

(తెరపై: నీళ్ల మీద పచ్చటి గుర్రపు డెక్క, ఊదా పూలు.)

దీనికి బురదతో పనిలేదు. ఆకులు పైన ఎండలో, వేళ్లు కింద నీళ్లలో. వరంగల్ లాంటి ఊళ్ల చెరువుల్లోకి మురుగు వచ్చిందంటే దీనికి పండగే. ఇది కమ్మేస్తే కింద చీకటి. అడుగున నాచు చస్తుంది, నీళ్లలో ప్రాణవాయువు తగ్గి చేపలు ఉక్కిరిబిక్కిరవుతాయి. రెండింటినీ ఒకే 'చెత్త' కింద కట్టి పీకేయడం చూస్తే నాకు బాధేస్తుంది. అడుగున వేళ్లూనిన నాచు అలల జోరు తగ్గిస్తుంది, మట్టిని పట్టి ఉంచుతుంది, నీళ్లను తేటపరుస్తుంది. తేటపడితే ఇంకాస్త లోతుకు వెలుతురు దిగుతుంది, నాచు అక్కడికీ పాకుతుంది. చేపపిల్లలు దాక్కునేది అందులోనే.

వలకు చుట్టుకుంటే ఎంత తిప్పలో చేపలు పట్టే అన్నలకు తెలుసు. పడవలు తిరిగే దారిలో తీయాల్సిందే. అంచుల్లో మాత్రం కొంత ఉండనివ్వండి.

తాడు మీద ఇక్కడ ముడి వేస్తున్నాను. సంక్రాంతికి, బురద కూర్చున్నాక, ఇదే పళ్లెం ఇక్కడే దించుదాం.