సర్వీస్ చేయించాక కారు ఐడ్లింగ్ పాడైందా? త్రాటిల్ బాడీ కొనే ముందు ఇవి చూడండి

విజువల్: మీటర్ క్లోజప్. ఆర్‌పీఎం ముల్లు 700 నుంచి 1500 దాకా ఎక్కుతూ, దిగుతూ ఉంటుంది.

వింటున్నారా? వూం అని లేస్తుంది, పడిపోతుంది, ఇక ఆగిపోతుంది అనుకునేలోపు మళ్లీ లేస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు లేదు, గేరు న్యూట్రల్, ఏసీ ఆఫ్. దీన్ని హంటింగ్ అంటారు. ఈ కారు మా అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక కర్నూలు అన్నది, 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మైలేజ్ కొంచెం తగ్గిందని దగ్గర్లో ఒక గ్యారేజ్‌లో ఇస్తే త్రాటిల్ బాడీ, అంటే ఇంజన్‌లోకి గాలి ఎంత పోవాలో తెరిచి మూసే భాగం, క్లీన్ చేసి, ప్లగ్గులు మార్చి, బిల్లు చేతిలో పెట్టారు. ఆ రోజు నుంచి బెంగళూరు సిల్క్ బోర్డ్ సిగ్నల్‌లో ఆగితే పక్క బైకుల వాళ్లు తలతిప్పి చూస్తున్నారట. మళ్లీ తీసుకెళ్తే వచ్చిన సమాధానం: "సార్, త్రాటిల్ బాడీనే పోయింది, మొత్తం అసెంబ్లీ మార్చాలి."

పోయి ఉండొచ్చు, కాదనను. కానీ నిన్నటిదాకా బుద్ధిగా పనిచేసిన పార్టు, సరిగ్గా దాన్ని విప్పి బిగించిన రోజే తనంతట తానే చచ్చిపోయిందంటే నేనైతే అంత తేలిగ్గా నమ్మను. రిపేర్ తర్వాత మొదలైన సమస్యకి ముందు రిపేర్‌లో చెయ్యిపడ్డ చోటే వెతకాలి. అక్కడ ఏమీ దొరక్కపోతే అప్పుడు జేసీ రోడ్ స్పేర్ పార్టుల షాపులకి వెళ్లి పార్టు రేటు అడగొచ్చు.

కాబట్టి బానెట్ ఎత్తక ముందు చేయాల్సిన పని ఒకటుంది. బిల్లు తీసి, ఏం విప్పారో రాసుకోండి. బిల్లులో లేనివి కూడా ఉంటాయి, అవి అడగాలి: "అన్నా, ప్లగ్గులు మార్చేటప్పుడు ఇంకేమైనా పక్కకి జరిపారా?" చాలా కార్లలో ఎయిర్ ఫిల్టర్ బాక్స్ తీయకుండా త్రాటిల్ దగ్గరికి చెయ్యి పోదు, కొన్నింటిలో ప్లగ్గుల కోసం సిలిండర్లకి గాలి పంచే ఇంటేక్ మ్యానిఫోల్డే ఊడదీయాలి. అంటే బిల్లు మీద ఒక లైను, బానెట్ కింద అయిదారు గొట్టాలు, నాలుగైదు కనెక్టర్లు.

అసలు ఐడ్లింగ్ సమస్యేనా అన్నది కూడా తేల్చుకోండి. ముల్లు 750 దగ్గర కదలకుండా నిలబడి ఉంది, అయినా స్టీరింగ్, సీటు వణుకుతున్నాయి అంటే ఇంజన్ మౌంటింగ్‌లు చూడాలి, త్రాటిల్ జోలికి పోవక్కర్లేదు. ముల్లు ఊగుతుంటేనో, 1200 దగ్గర కూర్చుంటేనో, 500కి పడిపోయి ఇంజన్ ఆగిపోతుంటేనో ఈ వీడియో మీకు పనికొస్తుంది. ఇంజన్ వేడెక్కాకే చూడండి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే 1200 చూపించడం మామూలే, నీళ్ల టెంపరేచర్ పెరిగేకొద్దీ అదే దిగుతుంది.

విజువల్: ఆరుబయట నిలిపిన కారు, హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంది, బానెట్ ఎత్తి ఉంది.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. మన బెంగళూరు అపార్ట్‌మెంట్ల బేస్‌మెంట్ పార్కింగ్‌లో ఇంజన్ ఆన్‌లో పెట్టి ఈ పనులు చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. కారు బయటికి తీయండి, చున్నీలు, వదులు చొక్కాలు బెల్టు దగ్గరికి రానివ్వకండి, రేడియేటర్ ఫ్యాన్ చెప్పాపెట్టకుండా తిరుగుతుంది.

ముందు కళ్లతో చూడటం. ఆయిల్ మూత గట్టిగా ఉందా, డిప్‌స్టిక్ పూర్తిగా లోపలికి దిగిందా? నవ్వకండి, చాలా ఇంజన్లలో పీసీవీ గొట్టం (ఇంజన్ లోపలి ఆవిరిని ఇంటేక్‌కి పంపేది) ద్వారా ఆ గాలి కూడా ఇంటేక్‌లోకి పోతుంది. ఆ పీసీవీ గొట్టం రెండు చివరలా ఎక్కి ఉందా? పాత రబ్బరు ఎండిపోయి ఉంటుంది, లాగి పెట్టేటప్పుడు కింది వైపు చీలుతుంది, పైనుంచి కనపడదు, వేలితో తడిమి చూడాలి. బ్రేక్ బూస్టర్‌కి వెళ్లే లావు గొట్టం, ట్యాంక్ ఆవిరి తెచ్చే పర్జ్ వాల్వ్ గొట్టం, ఎయిర్ ఫిల్టర్ నుంచి త్రాటిల్‌కి వచ్చే పెద్ద డక్ట్ క్లిప్పు, ఇవన్నీ చూడండి. తర్వాత కనెక్టర్లు: లాక్ విరిగిపోయి పైకి బాగానే కనిపిస్తాయి, వెనక్కి లాగితే చేతికొచ్చేస్తాయి.

గాలి ఎందుకంత ముఖ్యం అంటే, ఐడ్లింగ్‌లో త్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది, ఇంజన్ మాత్రం గట్టిగా పీలుస్తూ ఉంటుంది. కొబ్బరిబోండాం స్ట్రాకి మధ్యలో చిల్లు పడితే ఏమవుతుందో అదే, నీళ్లకి బదులు గాలి వస్తుంది. మెకానిక్‌లు "ఎయిర్ లాగుతోంది" అనేది దీన్నే. అదే చిల్లు 2500 ఆర్‌పీఎం దగ్గర పెద్దగా తెలియదు, ఎందుకంటే అప్పటికి త్రాటిల్ గుండానే బోలెడు గాలి వస్తోంది. అందుకే రోడ్డు మీద కారు బాగానే పోతుంది, సిగ్నల్‌లోనే ఏడిపిస్తుంది.

విజువల్: ఫోన్ స్క్రీన్ మీద లైవ్ డేటా. స్టీరింగ్ కింద ఓబీడీ డాంగిల్.

ఇప్పుడు స్కానర్. కారు కంప్యూటర్‌లోని డేటా చదివే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్, ఫోన్‌లో ఒక యాప్ చాలు. కోడ్ ఉంటే రాసుకోండి, వెంటనే డిలీట్ చేయకండి. పీ0507 అంటే ఐడ్లింగ్ ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉంది, పీ0506 అంటే తక్కువగా ఉంది, పీ0171 అంటే మిశ్రమంలో పెట్రోల్ చాలడం లేదు, పీ0301 నుంచి పీ0304 దాకా ఏ సిలిండర్ మిస్సింగ్ కొడుతోందో, అంటే ఎందులో పెట్రోల్ సరిగ్గా మండడం లేదో చెబుతాయి. ఇందులో ఏ ఒక్కటీ ఫలానా పార్టు మార్చు అని చెప్పడం లేదని గమనించండి. పీ0171 రాగానే ఆక్సిజన్ సెన్సర్ మార్చేసేవాళ్లున్నారు. పాపం ఆ సెన్సర్ గాలి ఎక్కువైంది అని సరిగ్గానే చెప్పింది, దాన్నే పీకి పారేశారు.

కోడ్ కంటే లైవ్ డేటా నాకు ఎక్కువ ఇష్టం. ముందు మీ కారులో మాఫ్ సెన్సర్ ఉందా, మ్యాప్ సెన్సర్ ఉందా తెలుసుకోండి, ఎందుకంటే ఒకే లీకు రెండింటిలో రెండు రకాలుగా కనిపిస్తుంది. చాలామంది దారి తప్పేది ఇక్కడే.

మాఫ్ సెన్సర్ లోపలికి వచ్చే గాలిని కొలుస్తుంది. దాని తర్వాత ఎక్కడో చిల్లు ఉంటే ఆ గాలి లెక్కలోకి రాదు, పెట్రోల్ చాలదు, ఈసీయూ అనే ఇంజన్ కంప్యూటర్ పెట్రోల్ పెంచుకుంటూ పోతుంది. ఆ పెంపే ఫ్యూయల్ ట్రిమ్. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ రెండూ కలిపి ప్లస్ మైనస్ 10 శాతం లోపు ఉంటే కంగారు లేదు. ఐడ్లింగ్‌లో ప్లస్ 20, రేస్ చేసి 2500 దగ్గర పట్టుకుంటే సున్నా దగ్గరికి దిగింది అంటే గాలి లీకు మీద అనుమానం గట్టిపడినట్టే. దానికి ఎదురుగా, రేస్ చేసేకొద్దీ ప్లస్ పెరుగుతోంది అంటే పెట్రోల్ ప్రెషర్, ఫిల్టర్, మాఫ్ మురికి వైపు వెళ్లాలి.

మన చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి మాత్రం మ్యాప్ సెన్సరే. అది మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలుస్తుంది. చిల్లు నుంచి వచ్చిన గాలి కూడా ఆ ఒత్తిడిలో కలిసిపోతుంది కాబట్టి ఈసీయూ దానికి తగ్గ పెట్రోల్ వేసేస్తుంది, ట్రిమ్ దాదాపు బాగానే కనిపిస్తుంది, ఆర్‌పీఎం మాత్రం పైకి పోతుంది. ఈసీయూ త్రాటిల్ మూస్తుంది, అయినా దిగదు, అప్పుడు పెట్రోల్ కట్ చేస్తుంది, ముల్లు పడిపోతుంది, ఆగిపోకుండా మళ్లీ వేస్తుంది, మళ్లీ లేస్తుంది. మొదట్లో విన్న వూం వూం అదే. కాబట్టి ట్రిమ్ బాగుంది, లీకు లేదు అని మ్యాప్ కారు గురించి తీర్పు ఇచ్చేయకండి.

ఇంకో మాట, ఇది బెంగళూరు వాళ్లకి ప్రత్యేకం. ఇంజన్ ఆఫ్‌లో ఉంచి తాళం ఆన్ చేస్తే మ్యాప్ సెన్సర్ బయటి గాలి ఒత్తిడినే చూపించాలి. చెన్నైలో అది 101 కిలోపాస్కల్ దగ్గర ఉంటుంది. మనం సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల పైన ఉన్నాం కాబట్టి ఇక్కడ 91 దగ్గర చూపిస్తుంది. ఇంటర్నెట్‌లో 101 అని చదివి, 91 చూసి "సెన్సర్ పోయింది" అనుకోకండి. స్టార్ట్ చేశాక, వేడెక్కాక, ఏసీ ఆఫ్‌లో ఎక్కువ కార్లలో 25 నుంచి 40 మధ్యకి దిగాలి. 50 దగ్గర ఆగిపోతే ఎయిర్ లాగుతోందేమో, ఏదో సిలిండర్ పనిచేయడం లేదేమో చూడాలి.

విజువల్: ప్లయర్స్‌కి గుడ్డ చుట్టి గొట్టాన్ని మెల్లగా నొక్కడం.

లీకు ఎక్కడో పట్టుకోవడం సులువే. గుడ్డ చుట్టిన ప్లయర్స్‌తో రబ్బరు గొట్టాలని ఒక్కొక్కటిగా నొక్కండి, ఏది నొక్కితే ఐడ్లింగ్ కుదురుకుంటుందో ఆ దారిలో వెతకండి. ప్లాస్టిక్ గొట్టాలు నొక్కొద్దు, విరుగుతాయి. బ్రేక్ బూస్టర్‌కి వేరే పరీక్ష: ఇంజన్ ఆఫ్ చేసి పెడల్ కొన్నిసార్లు తొక్కి, గట్టిపడ్డాక తొక్కిపెట్టే స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి జారాలి. గ్యాస్కెట్ల దగ్గర కొందరు కార్బ్ క్లీనర్ కొడతారు. వేడి ఇంజన్ మీద అది నిప్పుతో చెలగాటం, నేను చెప్పను. స్ప్రే బాటిల్‌తో కొంచెం నీళ్లు కొట్టండి, ప్లగ్గులకి కరెంటు ఇచ్చే కాయిల్స్, కనెక్టర్ల మీద పడకుండా. చిల్లు మీద నీళ్లు పడితే క్షణంపాటు శబ్దం మారుతుంది. దొరక్కపోతే స్మోక్ టెస్ట్ చేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి, పొగ ఎక్కడినుంచి వస్తుందో అక్కడే లీకు.

కర్నూలు అన్న కారులో దొరికింది త్రాటిల్ బాడీ వెనక రబ్బరు రింగు. గాడిలో సరిగ్గా కూర్చోకుండా ఒక వైపు మడతపడి ఉండగానే బోల్టులు బిగించేశారు. కొత్త రింగు వేసి బిగించాక హంటింగ్ పోయింది. కానీ ముల్లు 1100 దగ్గరే నిలబడింది, "ఇంకా ఎక్కువే ఉంది కదా తమ్ముడూ" అన్నాడు అన్న.

దానికి కారణం వేరే. త్రాటిల్ అంచులకి మసి పట్టేకొద్దీ ఈసీయూ దాన్ని కొంచెం కొంచెం ఎక్కువ తెరవడం నేర్చుకుంటుంది. మసి తుడిచేశాక కూడా పాత లెక్క ప్రకారమే తెరుస్తుంది, గాలి ఎక్కువ పోతుంది. కొన్ని కార్లు నడిచేకొద్దీ వాటంతటవే సర్దుకుంటాయి, కొన్నింటికి స్కానర్‌తో ఐడిల్ రీలెర్న్ చేయాలి. పద్ధతి కారుని బట్టి మారుతుంది, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నదే చేయండి. లీకు ఉండగా రీలెర్న్ చేస్తే మాత్రం తప్పు లెక్కే నేర్చుకుంటుంది, అందుకే ఇది చివర. అన్న కారుకి స్కానర్‌తో చేశాక 760 దగ్గర నిలబడింది.

మీ కారులో దొరికేది వేరే ఉండొచ్చు. కేబుల్ త్రాటిల్ ఉన్న పాత కార్లలో కొందరు మెకానిక్‌లు బైక్ కార్బ్యురేటర్‌లో "స్లో పెట్టినట్టు" త్రాటిల్ స్టాప్ స్క్రూ తిప్పేస్తారు. అది కంపెనీలో సెట్ చేసిన స్క్రూ. తిప్పితే త్రాటిల్ మూసుకోలేదని సెన్సర్ చెబుతుంది, ఈసీయూ ఐడ్లింగ్ కంట్రోల్‌లోకే రాదు. స్క్రూ మీద పెయింట్ మార్కు చెదిరి ఉంటే అడగండి. ఇంజన్ వేడెక్కుతోందని థర్మోస్టాట్ (నీళ్ల వేడిని అదుపు చేసే వాల్వ్) పీకేసే అలవాటు ఇంకొకటి: బెంగళూరు చలికాలం పొద్దున నీళ్లు ఎప్పటికీ 85 డిగ్రీలకి చేరవు, ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ ఐడ్లింగ్ ఎక్కువే ఉంచుతుంది, పెట్రోల్ కూడా తాగుతుంది. దీనికి త్రాటిల్ ఎంత కడిగినా ప్రయోజనం లేదు.

మిస్సింగ్ అయితే, అదీ ప్లగ్గులు మార్చాకే మొదలైతే, ఒక సిలిండర్ కాయిల్‌ని పక్కదానికి మార్చి చూడండి, ఇంజన్ ఆఫ్‌లోనే. పీ0301 కాస్తా పీ0302 అయితే కాయిల్ తప్పు. కోడ్ కదలకపోతే ప్లగ్గు తీసి చూడండి, బిగించేటప్పుడు పింగాణీ చిట్లి ఉండొచ్చు, గ్యాప్ మూసుకుపోయి ఉండొచ్చు, లేదా మీ ఇంజన్ నంబర్ ప్లగ్గే కాకపోవచ్చు. మిస్సింగ్‌తో ఎక్కువ దూరం తిప్పకండి, కాలని పెట్రోల్ వెళ్లి, సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. ఆ రేటు విన్నాక త్రాటిల్ బాడీ చవకే అనిపిస్తుంది.

విజువల్: రాత్రి ఔటర్ రింగ్ రోడ్, మారతహళ్లి దగ్గర ట్రాఫిక్.

గ్యారేజ్‌కి తిరిగి వెళ్లినప్పుడు గొడవ పెట్టుకోకండి, స్క్రీన్‌షాట్లు చూపించండి. "ఐడ్లింగ్‌లో మ్యాప్ 52 ఉంది, ఈ గొట్టం నొక్కితే కుదురుకుంటోంది" అంటే అవతలివాళ్లు కూడా వేరేగా మాట్లాడతారు. సరిచేశాక అక్కడే డబ్బులిచ్చి వచ్చేయకుండా ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే ఏసీ వేయండి, హెడ్‌లైట్లు వేయండి, పవర్ స్టీరింగ్ అయితే ఒక పక్కకి పూర్తిగా తిప్పండి. ముల్లు ఒక్కసారి కొంచెం తగ్గి వెంటనే నిలదొక్కుకోవాలి. తర్వాత ట్రాఫిక్‌లోకి తీసుకెళ్లి, నడిపి ఆపి, నడిపి ఆపి, ఇంటికొచ్చాక పెండింగ్ కోడ్లు మరోసారి స్కాన్ చేయండి.