పర్లాకిమిడిలో మా ఆవుల గోలెం రిపేరు, అరంగుళం మర దగ్గర రెండు రోజులు

నమస్తే అండీ అందరికీ. ఈసారి వీడియోలో నేనుండే అమెరికా విస్కాన్సిన్ మంచు లేదు, ఫారం లేదు. సంక్రాంతికి ఇంటికొచ్చాను, పర్లాకిమిడి. బరంపురంలో ఉన్న మా పెద్దమ్మ, డల్లాస్‌లో ఉన్న మా బావ ఇద్దరిదీ ఒకటే పోరు, ఇల్లు చూపించు, పశువుల శాల చూపించు అని. సరే చూపిద్దామని ఫోన్ పట్టుకుని శాలలోకి వెళ్లాను, రెండడుగులు వేశానో లేదో చెప్పులు బురదలో దిగబడ్డాయి.

గోలెం, అంటే పశువులు నీళ్లు తాగే తొట్టి, దాని కింద నేలంతా చిత్తడి. పైపు జాయింట్ దగ్గర ఒక పాత గుడ్డ, దాని మీద సైకిల్ ట్యూబ్ చుట్టి ఉంది, దాని కింద బకెట్. "ఎన్నాళ్ల నుంచి నాన్నా?" అంటే "దీపావళి దగ్గర్నుంచీ కారుతోందమ్మా, మోటారు రెండు పూటలా వేసుకుంటున్నాం" అన్నారు. నేను ప్రతి ఆదివారం వీడియో కాల్ చేసి అంతా బాగుందా అని అడుగుతాను. బాగుంది అనే అంటారు. మూడు నెలలుగా మా అమ్మ ఆ బకెట్ మోస్తోందన్న సంగతి నాకు అక్కడ కనపడలేదు.

మా గోలెం 2009లో కట్టించింది. సిమెంటు గోలెమే, కానీ దాని పక్కన చిన్న గూడులా కట్టి అందులో బాల్‌కాక్ పెట్టారు. పశువు తాగితే నీటి మట్టం తగ్గుతుంది, బంతి కిందికి దిగుతుంది, నీళ్లు వస్తాయి, నిండగానే బంతి లేచి ఆగిపోతాయి. మేడ మీది ట్యాంకు నుంచి అరంగుళం జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనప పైపు. అప్పట్లో మా వీధిలో ఇంకెవరికీ ఇలాంటిది లేదు, చూడటానికి వచ్చేవారు. నాలుగు జెర్సీ క్రాస్ ఆవులు, రెండు గేదెలు దీని మీదే బతుకుతున్నాయి. పాలలో నూటికి 87 వంతులు నీళ్లే కదా, నీళ్లు తగ్గాయంటే పాలు తగ్గినట్టే, అందులోనూ పాలు పితికిన వెంటనే ఆవుకి బాగా దాహం వేస్తుంది, సరిగ్గా అప్పుడే గోలెం ఖాళీగా ఉంటే దాని మొహం చూడలేం.

అక్కడ నేను చేసే ఉద్యోగం కూడా ఆవుల దగ్గరే కాబట్టి ఇలాంటి రిపేరు నాకు కొత్త కాదు. విస్కాన్సిన్‌లో ఆవులు తాగే తొట్టి ఎలా ఉంటుందంటే, మందమైన పెట్టెలా ఉంటుంది, లోపల నీళ్లు గడ్డకట్టకుండా కరెంటు హీటరు ఉంటుంది. జనవరిలో మైనస్ 25 డిగ్రీలు పడుతుంది మరి. నీళ్ల పైపుని మనిషి లోతు గొయ్యి తవ్వి పాతుతారు, అది తొట్టి కిందికి వచ్చి ఒక పెద్ద గొట్టం మధ్యలోంచి నిలువుగా పైకి లేస్తుంది, భూమిలోని వెచ్చదనం ఆ గొట్టంలోంచి పైకొచ్చి పైపుని కాపాడుతుంది. మా ఫారంలో ఒకటి చాలా పాతది. పోయినేడు ఒక రాత్రి దాని పక్కపలక విప్పి, చెయ్యి మాత్రమే పట్టే సందులో, గ్లౌజు తీసేసి జాయింటు బిగించాను. ముందు కరెంటు మెయిన్ ఆపాలి, హీటరు కరెంటు నీళ్లలోకి లీకయితే చాలా ప్రమాదం. కొద్ది వోల్టులు ఉన్నా చాలు, మనకి తెలియకపోయినా ఆవుకి తెలుస్తుంది, మూతి పెట్టి వెంటనే వెనక్కి లాక్కుంటుంది, ఇక తాగడం తగ్గించేస్తుంది. అక్కడ ప్లంబర్‌ని పిలిస్తే గంటకి 140 డాలర్లు, డాలరు 90 రూపాయలు వేసుకుందాం, 12,600. ఆ మాట విని నాన్న లెక్క మళ్లీ చెప్పమన్నారు.

ఇక్కడి బాల్‌కాక్ పాతబడిందని నాకు తెలుసు, అందుకే వచ్చేటప్పుడు అక్కడి నుంచి మంచి ఇత్తడి ఫ్లోట్ వాల్వ్ ఒకటి సూట్‌కేసులో తెచ్చాను. 32 డాలర్లు, అంటే 2,880 రూపాయలు. నాన్నకి బహుమతి అదే. అరంగుళం పైపు, అరంగుళం వాల్వ్, పట్టకపోవడం ఏముంటుంది అనుకున్నాను. టెఫ్లాన్ టేపు చుట్టి తిప్పితే రెండు చుట్లు బాగానే వెళ్లింది, మూడో చుట్టుకి బిగుసుకుపోయింది. నీళ్లు వదిలితే చుట్టూ సన్నగా చిమ్మింది. విప్పి, ఇంకా టేపు చుట్టి, మళ్లీ బిగించి, మళ్లీ విప్పి, మధ్యాహ్నం అంతా అదే పని.

సంగతేమిటంటే, అమెరికా పైపు మర, అంటే బిగించడానికి చివర ఉండే చుట్ల పళ్లు, వేరు, మన పైపు మర వేరు. అరంగుళంలో రెండింటికీ అంగుళానికి 14 పళ్లే, అందుకే మొదట పట్టినట్టే పడుతుంది. కానీ అక్కడి పంటికి కోణం 60 డిగ్రీలు, బ్రిటిష్ వాళ్ల కాలం నుంచి మనకి వచ్చిన మరకి 55. ఎంత టేపు చుట్టినా ఆ రెండూ కుదరవు. అక్కడి నుంచి నల్లాలు, షవర్లు తెచ్చుకునే వాళ్లందరికీ ఇది చెప్పాలని ఈ వీడియో పెడుతున్నాను, దయచేసి పైపు సామాను మోసుకురాకండి.

మర్నాడు భోగి, మా బజారులో హార్డ్‌వేర్ షాపు మూసి ఉంది. ఆటో ఎక్కి పాతపట్నం వెళ్లాం. మధ్యలో రాష్ట్రం మారుతుంది, మా ఊరి బోర్డులు ఒడియాలో, అటు తెలుగులో, ఆటోలో మాటలు మాత్రం రెండూ కలిపే. నాన్న ఈ దారిలో ఎప్పుడూ గిడుగు రామమూర్తి పంతులు గారి గురించి చెప్తారు. ఆయన మా ఊళ్లో రాజా వారి బడిలో పాఠాలు చెప్పారు, సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు రాశారు, మనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోరాడారు. 1936లో ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లినప్పుడు, ఇన్నేళ్లున్న ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. అప్పటికి ఆయనకి 70 దాటాయి. నాన్న ఇది చెప్పి కాసేపు బయటికి చూస్తూ కూర్చున్నారు, నేను కూడా ఏమీ అడగలేదు.

షాపాయన "ఎంటీఏ కావాలా, ఎఫ్‌టీఏ కావాలా అమ్మా?" అని నన్నే అడిగారు, నాన్నని కాదు. రెండూ ప్లాస్టిక్ పైపుకి మర ఇచ్చే ముక్కలే, ఎంటీఏకి మర బయట ఉంటుంది, ఎఫ్‌టీఏకి లోపల. నాకు చాలా సంతోషం వేసింది. బాల్‌కాక్ 320, యూనియన్ (పైపుని కోయకుండా విప్పుకునే జాయింటు), బాల్ వాల్వ్, యూపీవీసీ ప్లాస్టిక్ పైపు, ఎంటీఏ, లోపల ఇత్తడి మర ఉన్న ఎఫ్‌టీఏ, వంగే అల్లిక గొట్టం, అన్నీ కలిపి 1,620 రూపాయలు, 18 డాలర్లు.

ఇంటికొచ్చాక అసలు పని. పాత గేట్ వాల్వ్ చక్రం తిరుగుతోంది గానీ నీళ్లు ఆగట్లేదు, అందుకని మేడ మీద ట్యాంకే ఖాళీ చేశాం. ముందు రోజు రాత్రి జాయింటు మీద కిరసనాయిలు పోసి ఉంచాను. ఒక పైపు రెంచితో ఎల్బో (పైపు మలుపు ముక్క) గట్టిగా పట్టుకుని ఇంకోదానితో తిప్పాలి, లేకపోతే గోడలో ఉన్న జాయింటు కూడా కదులుతుంది. అంత జాగ్రత్తగా తిప్పినా పైపు మర దగ్గరే విరిగి, ముక్క ఎల్బోలో ఉండిపోయింది. ఇత్తడి, ఇనుము నేరుగా కలిసిన చోట నీళ్లు ఉంటే ఇనుమే ముందు తుప్పు పడుతుంది, అది బిస్కట్‌లా అయిపోయింది. హాక్సా బ్లేడుకి గుడ్డ చుట్టి లోపల నుంచి గాడి కోసి, చిన్న ఉలితో మెల్లగా లోపలికి ముడిచి బయటికి తీశాను. గంటన్నర పట్టింది. "నువ్వు లేమ్మా, నేను చూస్తాను" అని నాన్న మూడుసార్లు అన్నారు, నాలుగోసారి టార్చి పట్టుకుని పక్కన కూర్చున్నారు.

ఎల్బోలో ఎంటీఏ, తర్వాత యూనియన్, బాల్ వాల్వ్. ఇకమీద ఏ రిపేరొచ్చినా ట్యాంకు ఖాళీ చెయ్యక్కర్లేదు. ప్లాస్టిక్ మరని చేత్తో బిగించి, పైన ఒకటి ఒకటిన్నర చుట్టు చాలు, బలం చూపిస్తే పగులుతుంది. పైపుని అడుగు లోతున పాతాం, అక్కడ చలి కోసం పాతుతాం, ఇక్కడ ఎండ కోసం, మేలో బయట ఉన్న పైపులో నీళ్లు కాలిపోతాయి. చివర్లో అల్లిక గొట్టం, గేదె కొమ్ముతో పొడిచినా జాయింటు మీద బరువు పడదు. గూడు మీద రేకు మూత వేశాం, మా ఎర్రావుకి బంతిని నాకుతూ ఆడుకోవడం అలవాటు. లోపలంతా తుప్పు పేరుకున్న పాత పైపుతో 20 లీటర్ల బకెట్ నిండటానికి మూడు నిమిషాల పైన పట్టేది, ఇప్పుడు ఒక నిమిషం పది సెకన్లు.

కనుమ పొద్దున పశువులకి స్నానం చేయించి, కొమ్ములకి రంగులు వేసి, పసుపు కుంకుమ పెట్టి వదిలాం. ఎర్రావు నేరుగా గోలెం దగ్గరికి వెళ్లి, తల ఎత్తకుండా తాగింది. గూట్లో నీళ్లు చప్పుడు చేసి, కాసేపటికి ఆగింది. అమ్మ ఆ బకెట్ కడిగి బోర్లించింది.

26న నా ఫ్లైటు. ఆ 32 డాలర్ల వాల్వ్‌ని నాన్న పేపర్లో చుట్టి మళ్లీ నా సూట్‌కేసులోనే పెట్టారు, అక్కడి ఆవులకి పనికొస్తుందని. ఆదివారం కాల్‌లో ఇక అంతా బాగుందా అని అడగను, ఫోను శాలలోకి తీసుకెళ్లి గోలెం కింద నేల చూపించమంటాను.