తులం బరువు పిట్ట, ఎనిమిది వేల లెన్స్

హాయ్ అండి, ఎలా ఉన్నారు? ఎప్పుడు చూసినా సూపర్ మార్కెట్టే చూపిస్తావని మా పిన్ని గోల. అందుకే ఈసారి పిట్టలు.

కొలంబస్‌లో తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పులిహోర బాక్సులో పెట్టుకుని, రెండు గంటల పైన డ్రైవ్ చేసి మాగీ మార్ష్‌కి వచ్చాం. ఒహాయో పైకొస, ఈరీ సరస్సు ఒడ్డు. వార్బ్లర్లని బుల్లి పాటల పిట్టలుంటాయి. మే నెలలో ఉత్తరానికి పోతూ, సరస్సు దాటే ముందు ఇక్కడ దిగి పురుగులు మేసి సత్తువ తెచ్చుకుంటాయి. అవతల గట్టు కెనడా. ఒక్కోటీ పది గ్రాములు, అంటే మన తులం బంగారమంత!

లోపలికి టికెట్ లేదు. ఖర్చంతా లెన్స్‌కే. దూరంగా ఉన్న పిట్టని దగ్గరికి లాగే 600 ఎంఎం జూమ్, వారాంతానికి అద్దె 90 డాలర్లు, మన రూపాయల్లో ఎనిమిది వేల దాకా. మా ఆయన మొహం చూడండి, ఇంకా తేరుకోలేదు.

సెట్టింగులు అడుగుతారుగా, చెప్పేస్తా. కెమెరా మాన్యువల్‌లో, అంటే అన్నీ మనమే పెట్టుకోవాలి. ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుతురులో ఫొటోని వెలిగించే సెట్టింగు, అదొక్కటీ ఆటోలో. షట్టర్ 1/2000, అంటే సెకనులో రెండు వేలో వంతు, ఎందుకంటే కొమ్మ మీద కూర్చున్నా వీటి తల ఒక్క క్షణం నిలవదు. అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే కంత, ఎంత తెరుచుకుంటే అంత, నాకు ఎఫ్/6.3. చెట్ల నీడలో ఐఎస్ఓ 6400కి ఎగబాకింది, ఎగబాకనీండి. దానివల్ల ఫొటోలో పడే ఇసక చుక్కల్ని, అదే నాయిస్‌ని, తర్వాత తగ్గించుకోవచ్చు, అలుక్కుపోయిన పిట్టని ఎవరూ బాగుచెయ్యలేరు. వెనక తెల్లటి ఆకాశముంటే పిట్ట బొగ్గులా వస్తుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుగు రెట్టింపు, పెంచండి. ఫోకస్ పాయింట్ చిన్నది పెట్టుకోండి, పెద్దదైతే ముందున్న పుల్లని పట్టుకుని వదలదు.

ఇంత చెప్పానా, ఇప్పుడు నా గతి వినండి. చెక్క వంతెన మీద జనం తిరణాలలా ఉన్నారు, అయినా గుసగుసలే. అంతలో బ్లాక్‌బర్నియన్ వార్బ్లర్, గొంతు నిప్పుకణిక, సరిగ్గా చెయ్యి చాస్తే అందేంత దూరంలో రెయిలింగ్ పక్క కొమ్మ మీద వాలింది. నొక్కుతున్నా, లెన్స్ గిర్రున తిరుగుతుందే తప్ప ఫోకస్ అవదు. దానికి కనీసం 2.5 మీటర్ల ఎడం కావాలి! పక్కనున్న తాతగారు ఫోన్‌తో టక్కున తీసేసుకున్నారు. నేను వెనక్కి జరుగుతుంటే నా వెనక నలుగురు, వాళ్ళ వెనక ఇంకో నలుగురు, అందరూ నవ్వుతూ జరిగి దారిచ్చారు. పిట్ట పచ్చపురుగుని కొమ్మకేసి రెండుసార్లు బాది మింగింది. ఆ బాదుడే దొరికింది.

ఇంటికొచ్చి చూస్తే 1400 ఫొటోలు. కన్ను పదునుగా లేనివన్నీ తీసేస్తే 11 మిగిలాయి. ముందు నాయిస్ తగ్గించా, తర్వాతే అంచులు కత్తిరించి క్రాప్ చేశా. రంగులు పెంచే స్లైడర్ జోలికి మాత్రం పోకండి. థంబ్‌నెయిల్ కోసం నారింజ కాస్త పెంచానో లేదో, గొంతు మీద ఈకల గీతలన్నీ మాయమై ముద్ద బొట్టు పెట్టినట్టయింది. మళ్ళీ తగ్గించా.

అమ్మకి వాట్సాప్‌లో పెడితే వెంటనే ఫోన్. “ఎక్కడికే పోతోంది ఇది?”

“పుట్టిన చోటికమ్మా, గూడు కట్టుకోడానికి.”

“అయితే పురిటికి పుట్టింటికి పోతోందన్నమాట. మరి నువ్వెప్పుడొస్తావ్?”

అది మగదమ్మా అని చెప్పబోయి ఊరుకున్నా.