ఒకసారి చెబితే అర్థం కాదా?

వేదిక మీదున్న మన కరెంటు ఆఫీసు పెద్దలు ఎస్ఈ గారికి, డీఈ గారికి, ఎదురుగా కూర్చున్న అసిస్టెంట్ ఇంజనీర్లకి, అదే ఏఈలకి, సబ్ ఇంజనీర్లకి, గోడవారన నిలబడ్డ లైన్‌మన్లకి నమస్కారం. ముందు వాళ్లకి ఎవరైనా కుర్చీలు వేయండి బాబూ. భద్రతా దినోత్సవం నాడు స్తంభం ఎక్కేవాళ్లు నిలబడి, ఎక్కనివాళ్లం కూర్చుంటే ఏం బాగుంటుంది? శాలువా ఇప్పుడే వద్దండీ, ఈ ఉక్కలో ప్రాణం పోతుంది. ఆ డబ్బుతో ఒక జత గ్లౌజులు కొన్నా నాకు సంతోషమే.

1966లో ఇదే మార్చి 4న జాతీయ భద్రతా మండలి పుట్టింది కాబట్టి ఇవాళ ఈ సభ. ఇందాక అందరం చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేశాం. అందులో రెండో వాక్యం ఏమిటో ఎవరైనా చెప్పండి. ఎవరూ లేరా? ముందు వరసలో కూడా? నాకూ గుర్తులేదు లెండి.

నాకిచ్చిన టాపిక్ 'ఉద్యోగంలో ఆకట్టుకునేలా మాట్లాడటం ఎలా' అని. ఎనిమిది పాయింట్లు రాసుకొచ్చాను. మొదటిది గొంతు. గొంతు స్పష్టంగా ఉండాలి, చివరి కుర్చీ దాకా వినపడాలి. ఇది అనగానే నాకు ముప్పై ఏళ్ల కిందటి ఫోన్‌కాల్ ఒకటి గుర్తొస్తుంది. అది చెప్పి రెండో పాయింటుకి వస్తాను.

అప్పుడు నేను కొత్త ఏఈని. మాట్లాడటం బాగా వచ్చని నాకు నా మీద గట్టి నమ్మకం. కాలేజీలో వక్తృత్వంలో కప్పులు గెలిచినవాణ్ణి మరి. సెక్షన్ ఆఫీసులో భద్రత మీద మీటింగ్ పెట్టి 45 నిమిషాలు దంచేశాను. సర్క్యులర్ ముక్కలు అప్పజెప్పాను. 'ఉభయ పార్శ్వములయందును భూసంధానము గావించిన పిమ్మటనే' లాంటి తెలుగు అది. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పోరాడి వందేళ్లు దాటింది, మన సర్క్యులర్లకి ఆ కబురు ఇంకా అందలేదు. రెండు వైపులా ఎర్త్ రాడ్లు తగిలించాకే లైను ముట్టుకోండ్రా అంటే అయిపోయేది. సరే, చప్పట్లు మాత్రం బాగానే పడ్డాయి.

మర్నాడు ఈదురుగాలి. సబ్‌స్టేషన్ దగ్గర్లో, లైనుని మధ్యలో ఆపే మొదటి ఏబీ స్విచ్‌కి ముందే, కొబ్బరి మట్ట ఒకటి విరిగి 11 కేవీ లైనుకి రాసుకుంటోంది. ఆ సబ్‌స్టేషన్ నుంచి కొత్తపల్లి అని ఒక ఫీడరు, అంటే ఊళ్లకి కరెంటు తీసుకెళ్లే లైను, కొత్తపేట అని ఇంకో ఫీడరు. మట్ట పడింది కొత్తపల్లి మీద. లైన్ క్లియర్, అదే ఎల్‌సీ, అంటే 'కరెంటు ఆపేశాం, పని చేసుకోండి' అనే అనుమతి, సబ్‌స్టేషన్‌ని అడగాల్సింది మా సీనియర్ లైన్‌మన్. అందరం ఆయన్ని బాబాయ్ అనేవాళ్లం. కానీ ఊళ్లో ఫోనున్న ఇంటివాళ్లు నాకు తెలుసని, కొత్త ఉత్సాహం కదా, నేనే వెళ్లి చేశాను. అవతల ఆపరేటర్. ఫోన్లో ఒకటే గరగర. "కొత్తపల్లి ఎల్‌సీ ఇవ్వు" అన్నాను. రెండు క్షణాలు ఏమీ వినపడలేదు. తర్వాత "ఇచ్చాను సార్" అని నంబరు చెప్పాడు.

నేను తిరిగి వచ్చేసరికి కుర్ర జేఎల్‌ఎం, అదే జూనియర్ లైన్‌మన్, నిచ్చెన రెండు మెట్లెక్కి ఉన్నాడు. బాబాయ్ "దిగరా, ముందు రాడ్ పడనీ" అని కసిరాడు. నాకు లోపల విసుగు. ఎల్‌సీ వచ్చేసింది కదా, ఈ చాదస్తం ఏమిటి, చీకటి పడుతోంది అని. వాడు దిగాడు. బాబాయ్ ఎర్త్ వైరు బిగించి, లైనులో కరెంటుంటే నేలలోకి దిగిపోయేలా కర్రతో రాడ్ ఎత్తి లైనుకి తగిలించాడు.

ఢాం అంది. నీలంగా మంట. సబ్‌స్టేషన్లో బ్రేకర్ పడిపోయి లైను ఆగిపోయింది. కొబ్బరి మట్ట చివర పొగ. కుర్రాడు నేల మీద కూలబడిపోయాడు. బాబాయ్ బీడీ తీశాడు గానీ అగ్గిపుల్ల గీయలేకపోయాడు, చేతులు అంత వణుకుతున్నాయి.

ఆపరేటర్ ఆపింది కొత్తపేట.

ఆ కోపంతో సబ్‌స్టేషన్‌కి పరిగెత్తాను. "పల్లికీ పేటకీ తేడా తెలీదా?" అని అరిచాను. అతను తల వంచుకుని చెప్పాడు: "గరగరలో సరిగ్గా వినపడలేదు సార్. మళ్లీ అడుగుదామనుకున్నాను. పోయిన వారం ఇలాగే రెండోసారి అడిగితే 'ఒకసారి చెబితే అర్థం కాదా' అన్నారు కదా సార్."

అన్నాను. నిజంగానే అన్నాను. అందరి ముందూ అన్నాను.

బయటికొస్తూ జేఎల్‌ఎంని అడిగాను, నిన్న మీటింగులో ఏం చెప్పానురా అని. "చాలా బాగా మాట్లాడారు సార్" అన్నాడు. ఏం చెప్పానో చెప్పు అన్నాను. వాడు బాబాయ్ వంక చూశాడు.

అమ్మా, రెండో వరసలో ఫోన్ చూసుకుంటున్న ఏఈ గారూ, ఒక్క నిమిషం. ఈ వారంలో మీరు ఆ మాట ఎన్నిసార్లు అన్నారు? నవ్వుతున్నారంటే అన్నట్టే. తప్పుపట్టడం లేదమ్మా, పనిభారం నాకు తెలుసు. కానీ 45 నిమిషాల నా ఉపన్యాసం ఎవరికీ గుర్తులేదు, ఆ నాలుగు మాటలు మాత్రం ఆపరేటర్‌కి అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి చూశారా?

చాలా ఏళ్ల తర్వాత టెనెరిఫే విమాన ప్రమాదం గురించి చదివాను. 1977 మార్చి 27, స్పెయిన్ దీవుల్లో. పొగమంచులో రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు గుద్దుకుని 583 మంది పోయారు. ఒక విమానం అనుమతి రాకుండానే బయల్దేరింది. అవతలి విమానం ఇంకా పక్కకు తప్పుకోలేదేమో అని కాక్‌పిట్‌లో ఫ్లైట్ ఇంజనీర్‌కి అనుమానం వచ్చింది, అడిగాడు కూడా. తప్పుకుంది అని కెప్టెన్ గట్టిగా కొట్టిపారేశాడు. కంపెనీలో పెద్ద పేరున్న కెప్టెన్. ఇక ఎవరూ రెట్టించలేదు. అది చదువుతున్నంతసేపూ నాకు ఫోన్లో ఆ గరగరే వినపడింది.

రెండో పాయింటు చూపు అనుకుంటా. పోనివ్వండి, కాగితం జేబులో పెట్టేస్తున్నాను.

బాబాయ్ సంగతి చెప్పాలి మీకు. ఏడో తరగతి చదివిన మనిషి. ఆ తర్వాత పొద్దున మీటింగు ఆయన్నే పెట్టమన్నాను. ఆఫీసు ముందు వేపచెట్టు కింద నాలుగు నిమిషాలు, అంతే. రోజుకి ఒక్క సంగతి. అందరికంటే చిన్నవాణ్ణి ముందు అడిగేవాడు, పెద్దవాళ్లు ముందు చెబితే వీడు అదే అప్పజెబుతాడని. "చెప్పరా, ఇవాళ ఏ లైను ఎక్కుతున్నాం? సబ్‌స్టేషన్ ఆపేసినా కరెంటు ఇంకెక్కణ్ణుంచి రావచ్చు?" ఒకరోజు కుర్రాడు ఆలోచించి "పెళ్లివారి జనరేటర్, బాబాయ్" అన్నాడు. నిజమే. జనరేటర్‌నీ మన లైనునీ కలవనీయని ఛేంజోవర్ స్విచ్ లేకుండా తగిలిస్తే ఆ 415 ఓల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళ్లి, అవతల 11 వేలై లేస్తాయి. ఇది నేను బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినప్పుడు ఒక్కడికీ ఎక్కలేదు. ఆ రోజు మాత్రం అందరూ లేచి పెళ్లింటికి వెళ్లి చూసొచ్చారు. తప్పు చెబితే బాబాయ్ తిట్టేవాడు కాదు, "ఇంకోసారి చూడు" అనేవాడు.

ఫోన్ సంగతీ మార్చాం. ఊరి పేరొక్కటే చాలదు, ఫీడర్ నంబరు కూడా చెప్పాలి. విన్నవాడు తిరిగి చెప్పాలి. చెప్పినవాడు 'కరెక్ట్' అన్నాకే బ్రేకర్ మీద చెయ్యి. మొదటివారం అందరూ నవ్వుకున్నారు, చిన్నపిల్లల ఎక్కాల్లా ఉందని. నాకూ మొహమాటంగానే ఉండేది.

ఆ ఆపరేటర్ కూడా రిటైరయ్యాడు, మా వీధి చివరే ఇల్లు. నిన్న రాత్రి ఫోన్ చేసి, రేపు తొమ్మిదింటికి సభకి వెళ్దాం, కారు తెస్తా, గేటు దగ్గర ఉండు అన్నాను. "రేపు, మంగళవారం కాదు బుధవారం, పొద్దున తొమ్మిది, మా గేటు దగ్గర, కరెక్టేనా సార్?" అన్నాడు. పక్కన మా ఆవిడ ఒకటే నవ్వు. కరెక్ట్ అన్నాను. అదుగో, కిటికీ దగ్గర కూర్చున్నాడు.