రోజా బొనూర్ ఉత్తరాలు చదివేటప్పుడు

సభకు నమస్కారం. రోజా బొనూర్ కాలం నాటి బొమ్మల బేరాల ఉత్తరాలు చదివేటప్పుడు ఏం చూసుకోవాలో చెబుతాను.

ఫ్రెంచ్ చిత్రకారిణి రోజా బొనూర్ 1853 పారిస్ సలోన్‌లో, అంటే అక్కడి పెద్ద చిత్రప్రదర్శనలో, ‘గుర్రాల సంత’ అనే బొమ్మ ప్రదర్శించారు. ఎత్తు రెండున్నర మీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు అయిదు మీటర్ల పైనే. లండన్‌లో స్థిరపడ్డ వ్యాపారి ఎర్నెస్ట్ గాంబార్ దాన్ని 40,000 ఫ్రాంకులకు కొన్నాడు. అంత పెద్ద బొమ్మ ఎవరింట్లో పడుతుంది? గాంబార్ లెక్క వేరు. ఊరూరా తిప్పి చూపించాలి, థామస్ లాండ్‌సీర్ చేత లోహపు పలక మీద చెక్కించి అచ్చులు అమ్మాలి. చెక్కేందుకు వీలుగా ఒక చిన్న ప్రతి కూడా తయారైంది. ఆ చిన్నది లండన్ నేషనల్ గ్యాలరీకి చేరింది, పెద్దది 1887లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి.

అందుకే ఆనాటి ఉత్తరంలో ‘గుర్రాల బొమ్మ’ అని కనబడగానే ధర రాసేసుకోకూడదు. ఏ ప్రతి సంగతో ముందు తేల్చాలి. ఆ తర్వాత నాణెం. పౌనుకు సుమారు 25 ఫ్రాంకులు, కాబట్టి 40,000 అంటే 1,600 పౌన్లు. అయితే లండన్‌లో బొమ్మల బేరం తరచు గినీల్లో సాగేది. గినీ అంటే 21 షిల్లింగులు, పౌనంటే 20. వెయ్యి గినీలను వెయ్యి పౌన్లుగా చదివితే 50 పౌన్లు గల్లంతు!

తేదీ ఇంకా తలనొప్పి. చాలామంది ‘గురువారం’ అని రాసి ఊరుకునేవారు. కాగితాన్నే మడిచి వెనక చిరునామా రాసిన పాత ఉత్తరమైతే తపాలా ముద్ర దాని మీదే ఉంటుంది. కవర్లు వచ్చాక ఆ ముద్ర కవరుతోపాటు చెత్తబుట్టలోకి పోయింది. అప్పుడు ఉత్తరంలో ప్రస్తావించిన ప్రదర్శనను పట్టుకుని సంవత్సరం ఊహించడమే గతి.

అన్నిటికన్నా నేను జాగ్రత్తగా చూసేది అచ్చుహక్కు మాట, అంటే బొమ్మకు నకళ్లు అచ్చువేసి అమ్ముకునే హక్కు. బ్రిటన్‌లో 1862 చట్టం ప్రకారం, బొమ్మ మొదటిసారి అమ్మేనాటికి హక్కు ఎవరిదో సంతకంతో రాసుకోకపోతే అది చిత్రకారుడికీ దక్కేది కాదు, కొన్నవాడికీ దక్కేది కాదు. అచ్చుల మీద బతికే వ్యాపారికి ఇది ప్రాణసంకటం. మర్యాదపూర్వకమైన ఉత్తరం చివర ఒక్క పొడి వాక్యం ఉంటే, అసలు సరుకు అదే కావచ్చు.

ఆ సంతకం చెల్లాలి కూడా. ఆనాటి ఫ్రెంచ్ సివిల్ కోడ్ (పౌర చట్టం) కింద సొంత వ్యాపారం లేని ఇల్లాలు భర్త అనుమతి లేకుండా అమ్మకం ఒప్పందం చేసుకునే వీలుండేది కాదు. రోజా పెళ్లి చేసుకోలేదు, ఆమె సంతకం ఒక్కటే చాలు. పెళ్లయిన చిత్రకారిణి ఉత్తరమైతే భర్త సమ్మతి కాగితం కోసం కూడా వెతకాలి.