ఓడలో షోలు ఉచితమే, కానీ మీది ఏ బంతి?

[తెర మీద: ఓడలోని థియేటర్ తలుపు. బయట రెండు వరుసలు, ఒకటి వేగంగా కదులుతోంది, ఒకటి నిలబడిపోయింది.]

నమస్కారం. ఈ వారం కూడా అదే మాట విన్నాను. పిల్లలతో, పెద్దవాళ్లతో కలిసి టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవులో విహార ఓడ, అంటే క్రూజ్, ఎక్కబోతున్న ఒక కుటుంబం నాతో అన్నారు: "షోలన్నీ టికెట్‌లోనే కలిసి ఉన్నాయట కదండీ, మళ్లీ బుక్ చేసుకోవడం ఎందుకు? వెళ్లి కూర్చుంటే సరి." ఇలా బయలుదేరినవాళ్లు తిరిగి వచ్చాక అనే మాట కూడా నాకు బాగా తెలుసు: "అన్నీ నిండిపోయాయండీ, ఒక్కటీ చూడలేదు."

రెండు మాటలూ తప్పే. ఉచితం అంటే చోటు ఉందని కాదు. నిండిపోయింది అంటే చోటు లేదనీ కాదు. ఇంత చిన్న విషయం ఎవరూ చెప్పకపోవడం వల్ల వారం రోజులు సముద్రం మీద ఉండి, మంచు మీద జరిగే నాట్యం చూడకుండానే దిగిపోయే అమ్మమ్మలను, తాతయ్యలను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. అందుకే ఈ వీడియో.

నేను మాట్లాడేది రాయల్ కరీబియన్ అనే క్రూజ్ కంపెనీ వారి పెద్ద ఓడల గురించి. 2009లో మొదలైన ఒయాసిస్ తరగతి, 2024లో వచ్చిన ఐకాన్ తరగతి. టెక్సస్‌లో ఉన్న మనవాళ్లకు 2022 చివరి నుంచి ఒయాసిస్ తరగతి ఓడ కారులో వెళ్లి ఎక్కగలిగేంత దగ్గరికి వచ్చింది. గదులు, వీసాలు, సామాను సంగతి ఇప్పటికే మీకు తెలుసు, వాటి జోలికి వెళ్లను.

[తెర మీద: పెళ్లి భోజనాల హాలు, వరుసగా అరిటాకులు.]

పెళ్లి భోజనం గుర్తు తెచ్చుకోండి. బఫే కాదు, బంతి భోజనం. వెయ్యి మందిని పిలిచాం. హాలులో రెండు వందల యాభై ఆకులు పడతాయి. అంటే నాలుగు బంతులు. పిలిచిన ప్రతి ఒక్కరికీ భోజనం ఉంది, ఎవరూ డబ్బు ఇవ్వరు. అయినా "నేను ఎప్పుడు వచ్చినా ఆకు ఖాళీగా ఉండాలి" అంటే కుదురుతుందా? మీరు ఏ బంతిలో కూర్చుంటారన్నది తేలాలి. ఓడలో షో రిజర్వేషన్ అంటే అంతే. అది టికెట్టు కొనడం కాదు, బంతి చెప్పుకోవడం.

ఇప్పుడు ఓడ లెక్క చూద్దాం. ఒయాసిస్ తరగతి ఓడలో గదికి ఇద్దరు చొప్పున వేసుకున్నా సుమారు 5,500 మంది ప్రయాణికులు. ప్రధాన థియేటర్‌లో దాదాపు 1,400 సీట్లు. అంటే నాలుగు బంతులు. స్కేటింగ్ షో జరిగే మంచు రింకు చుట్టూ ఎనిమిది వందల లోపే, కాబట్టి ఏడు బంతులు. వెనుక భాగంలో ఉండే నీటి రంగస్థలం, ఆక్వా థియేటర్, దాని చుట్టూ ఆరేడు వందల మందికి మించి పట్టరు. ఎనిమిది, తొమ్మిది బంతులు. కామెడీ షో జరిగే గది అన్నిటికన్నా చిన్నది, దాని లెక్క చెప్పనే అక్కర్లేదు.

ఇక్కడే ఒక కిటుకు ఉంది. అందరూ ముందుగా బుక్ చేసేది ప్రధాన థియేటర్‌లోని పెద్ద సంగీత నాటకాన్ని. పేరు ఎక్కడో విన్నది కాబట్టి దాని మీదకు చేయి వెళుతుంది. కానీ బంతులు ఎక్కువ పట్టేది నీటి షోకు, మంచు షోకు. ముందు చెప్పుకోవలసిన బంతులు అవే. నాటకానికి చోటు తర్వాతైనా దొరుకుతుంది.

[తెర మీద: ఓడ వెనుక భాగం, ఎత్తైన వేదిక మీద నిలబడిన డైవర్.]

నీటి షో దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఓడలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. అది ఆరుబయట ఉంటుంది, వెనుక సముద్రం కనిపిస్తుంది. కొలను అయిదు మీటర్లకు పైగా లోతు. దాని అడుగున ఉన్న నేల యంత్రాలతో పైకి లేచి, నీటి మట్టానికి వచ్చి వేదిక అవుతుంది. నర్తకులు ఆడిన చోటే మరో నిమిషంలో లోతైన నీరు, అందులోకి పది మీటర్ల ఎత్తు నుంచీ, అంతకన్నా పై నుంచీ డైవర్లు దూకుతారు.

ఇప్పుడు ఆలోచించండి. ఓడ 22 నాట్ల వేగం దాకా వెళుతుంది, అంటే గంటకు దాదాపు 40 కిలోమీటర్లు. సముద్రం మీద గాలే లేకపోయినా, ఓడ నడకకే అంత గాలి పుడుతుంది. ఎదురుగాలి తోడైతే అది రెట్టింపు కావచ్చు. మోటారు సైకిల్ మీద వేగంగా వెళుతున్నప్పుడు ముఖానికి కొట్టే గాలిలో ఒక మనిషి ఎత్తున నిలబడి, చిన్న కొలనులోకి గురి చూసి దూకాలి. పైగా ఓడ ఊగితే కొలనులో నీరు కూడా ఊగుతుంది. కాబట్టి గాలి ఎక్కువైన రోజున షో ఆపేస్తారు. ఆపడమే న్యాయం. ప్రాణాలతో పని. ఆ రాత్రి విసుక్కునేవాళ్లను చూసి నేను ఊరుకోలేకపోయిన సందర్భాలు ఉన్నాయి.

పెళ్లికే వద్దాం. పందిరి కింద భోజనాలు పెట్టారు, వాన వచ్చింది. మొదటి బంతి వాళ్లు లేచి పక్కకు వెళ్లారు. వాన తగ్గాక మళ్లీ పిలిచే అవకాశం మొదటి బంతి వాళ్లకే ఉంటుంది. ఆఖరి బంతిలో వాన వస్తే ఇక ఆ రోజుకు అంతే. అందుకని నీటి షోను వారంలో ఎంత ముందు రోజున దొరికితే అంత ముందు రోజున పెట్టుకోండి. రెండో రాత్రి షో గాలికి ఆగిపోతే నాలుగో రాత్రో, ఐదో రాత్రో మరోసారి పెట్టే వీలుంటుంది. ఆఖరి రాత్రి ఆగిపోతే మరునాడు రేవు. ఒక ప్రయాణంలో మా నాన్నగారి కోసం రెండో రాత్రికి పెట్టిన షో గాలి వల్ల ఆగింది. మూడు రోజుల తర్వాత మళ్లీ వేశారు. షో అయ్యాక ఆయన చాలాసేపు ఆ కొలను వైపే చూస్తూ కూర్చున్నారు. ఆఖరి రోజుకు పెట్టి ఉంటే ఆ సాయంత్రం మాకు ఉండేది కాదు.

మంచు షో లోపల జరుగుతుంది కాబట్టి గాలి బాధ లేదు. కానీ ఓడ బాగా ఊగితే గాలిలోకి ఎగిరే విన్యాసాలు తగ్గిస్తారు, లేదా షోనే మారుస్తారు. ఓడ మీద మంచు రింకు పెట్టడం 1999లో వాయేజర్ ఆఫ్ ది సీస్‌తో మొదలైంది. కదిలే నేల మీద స్కేట్లతో ఎగిరి, మళ్లీ అదే చోట దిగడం ఎంత కష్టమో చెప్పడానికి నాకు మాటలు చాలవు. ఐకాన్ ఓడ కట్టేటప్పుడు నీటి షో కష్టాన్ని గుర్తించి, కొలనును ఓడ ముందు భాగానికి, అద్దాల గుమ్మటం కిందికి మార్చారు. పందిరి తీసేసి పక్కా హాలు కట్టినట్టు. ఆరుబయట సముద్రం మీదుగా చూసే అందం కొంత పోయింది, అది నా అభిప్రాయం. కానీ గాలి భయం తగ్గింది.

[తెర మీద: ఫోను, అందులో షోల పట్టిక.]

ఇక ఎప్పుడు బుక్ చేయాలి? ఓడ బయలుదేరడానికి కొన్ని వారాల ముందు కంపెనీ వెబ్‌సైటులో మీ ప్రయాణం కింద షోలు కనిపించడం మొదలవుతుంది. ప్రతి ప్రయాణానికీ ఒకే తేదీ ఉండదు, కాబట్టి మధ్య మధ్య చూస్తూ ఉండాలి. కనిపించిన రోజే చెప్పుకోండి. అప్పుడు దొరకకపోతే ఓడ ఎక్కిన రోజు మధ్యాహ్నం యాప్‌లో మళ్లీ చూడండి. కొన్ని సీట్లను ఆ రోజున వదులుతారు. ఓడ వై-ఫైలో ఆ యాప్ పని చేయడానికి ఇంటర్నెట్ ప్యాకేజీ కొనక్కర్లేదు. చాలామంది అది తెలియక, డబ్బు పెట్టాలేమో అని యాప్ తెరవరు.

రెండు మూడు గదులుగా వెళ్లే కుటుంబాలు ఒక పని తప్పక చేయాలి. గదుల బుకింగులను ముందే ఒకదానితో ఒకటి కలిపించుకోండి. లేకపోతే అమ్మానాన్నలకు ఏడు గంటల బంతి, మీకు తొమ్మిది గంటల బంతి పడుతుంది. పెద్దవాళ్లను ఒంటరిగా వేరే బంతిలో కూర్చోబెట్టడం మనకు ఇష్టం ఉండదు కదా.

రాత్రి భోజనం వేళ చూసుకోండి. సాయంత్రం ముందు వేళకు భోజనం చేసేవాళ్లు తర్వాతి షోకు, ఆలస్యంగా తినేవాళ్లు ముందరి షోకు సరిపోయేలా సాధారణంగా వేళలు పెడతారు. అది కూడా బంతుల ఏర్పాటే: సగం మంది తింటుంటే సగం మంది చూస్తుంటారు. డైనింగ్ రూములో కూర్చుంటే గంటన్నర పడుతుంది. మన శాకాహారం విడిగా చేయించుకుంటే ఇంకొంచెం. ఓడ పొడవు 360 మీటర్లు. మోకాళ్ల నొప్పులున్న అమ్మతో ముందు భాగంలోని థియేటర్ నుంచి వెనుక ఉన్న నీటి షో దాకా, లిఫ్టు కోసం ఆగుతూ, పది నిమిషాలలో చేరడం కష్టం. ఒకదాని వెంట ఒకటి పెట్టుకోకండి.

[తెర మీద: మళ్లీ థియేటర్ తలుపు.]

అసలు గొడవ ఇక్కడ ఉంది. రిజర్వేషన్ ఉన్నవాళ్లు అనుకుంటారు: "మన సీటు మనకుంది, షో మొదలయ్యే వేళకు వెళదాం." మీకు సీటు నంబరు ఇవ్వలేదు. బస్సు సీటు మీద వేసిన తువ్వాలు కాదు ఇది. బంతిలో మీ పేరు ఉంది, అంతే. విస్తళ్లు వేసి, నీళ్లు పోసి, వడ్డన మొదలుపెట్టబోతూ పిలిచినప్పుడు మీరు లేకపోతే మీ ఆకు ముందు ఇంకొకరు కూర్చుంటారు. షోకు పది, పదిహేను నిమిషాల ముందు వరకే రిజర్వేషన్ నిలుస్తుంది. ఆ తర్వాత ఖాళీగా ఉన్న సీట్లను స్టాండ్‌బై వరుసకు, అంటే రిజర్వేషన్ లేకుండా బయట వేచి ఉన్నవాళ్లకు, వదిలేస్తారు. కనీసం అరగంట ముందు వెళ్లండి. పెద్దవాళ్లు ఉంటే నలభై అయిదు నిమిషాలు. రేవుల్లో దిగినప్పుడు ఫోను తనంతట తాను అక్కడి వేళకు మారిపోవచ్చు. మీరు నడవవలసింది ఓడ గడియారం ప్రకారం, దాన్ని ఒకసారి సరిచూసుకోండి.

సమయం అయిపోతోంది, మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. నీటి షోలో ముందు వరుసలు తడుస్తాయి, పట్టుచీరతో అక్కడ కూర్చోవద్దు. రాత్రి ఆలస్యంగా జరిగే కామెడీ 18 ఏళ్లు దాటిన వాళ్లకే, పిల్లలను చూసుకునే మనిషి ఉంటేనే పెట్టుకోండి. ఊరేగింపులు, సంగీతం, రాత్రి పార్టీలు బంతి లేని భోజనం, ఎప్పుడైనా వెళ్లవచ్చు. ఆఖరి రాత్రికి ఏమీ పెట్టుకోకండి, ఆ రాత్రి పెట్టెలు సర్ది గది బయట పెట్టాలి. వెళ్లలేని షో ఉంటే యాప్‌లో రద్దు చేయండి, ఆ ఆకు ఇంకొకరికి వస్తుంది.

రిజర్వేషన్ దొరకని వాళ్లకు: "నిండిపోయింది" అని చూసి గదిలో కూర్చోకండి. స్టాండ్‌బై వరుసలో ముందుగా నిలబడండి. చోటు చెప్పుకుని రానివాళ్లు ప్రతి షోకూ ఉంటారు, అందుకే చాలా రాత్రులు ఆ వరుస లోపలికి వెళుతుంది. ఒక్కటే చూసుకోవాలి. ఆరుగురు కలిసి వెళ్లి ఆరు సీట్లు పక్కపక్కనే కావాలంటే దొరకవు. బంతి మొదలయ్యాక ఖాళీ ఆకులు అక్కడొకటి, ఇక్కడొకటి ఉంటాయి. తలుపు దగ్గరి మనిషి "ఇద్దరికి చోటుంది" అన్నప్పుడు అమ్మను, నాన్నను ముందు పంపండి. మీరు వెనుక వచ్చే ఖాళీలో కూర్చోండి.