ఏరడంలో ఏముంది?

అందరికీ నమస్కారం. నాకిచ్చిన సమయం తక్కువ, నేను తీసుకున్న మాట ఇంకా చిన్నది: 'ఏరు'. వానాకాలంలో పొంగే ఏరు కాదు, 'ఏరువాక'లోని నాగలి ఏరూ కాదు. బియ్యంలో రాళ్లు ఏరుతామే, ఆ ఏరు.

"రాళ్లు ఏరుతున్నాను" అన్నా, "బియ్యం ఏరుతున్నాను" అన్నా మన కళ్లకు కట్టేది ఒకటే. ఒడిలో చాట, చాటలో ఓ పక్కన కుప్ప, అందులోంచి నాలుగేసి గింజలను ఇవతలికి లాగుతున్న చూపుడువేలు, మధ్యలో తానూ గింజనేనన్నట్టు కూర్చున్న తెల్లటి పలుగురాయి. పారేసేదాన్నీ ఏరుతున్నాం, ఉంచుకునేదాన్నీ ఏరుతున్నాం. అయినా వినేవాళ్లు తికమకపడరు. రెండింటిలో ఏది వండుకుంటామో అందరికీ తెలుసు కాబట్టి.

తెలియని చోట మాత్రం ఉత్త 'ఏరు'తో పని జరగదు. "పది దరఖాస్తులు ఏరారు" అంటే ఆ పదీ ఉన్నట్టా, పోయినట్టా? ఇక్కడ ఇంకో చిన్న క్రియ వచ్చి ఆదుకుంటుంది. 'కొను' చేరితే తనకోసం: "పది ఏరుకున్నారు". 'వేయు' చేరితే వదిలించుకోవడం: "పది ఏరివేశారు". ఒక్క తోకతో పదిమంది జాతకం తిరగబడింది. పత్రికల్లో చూసే 'బోగస్ కార్డుల ఏరివేత' ఈ రెండో దారిలో వచ్చిందే. 'ఏరిపారేశారు' అంటే కాస్త విసురు కూడా కలిసినట్టు.

ఏరడానికి ఇంకో షరతుంది. వస్తువులు చెల్లాచెదురుగా ఉండాలి, ఒక్కోదాన్నీ విడిగా చూసి తీయాలి. చెట్టున ఉన్న కాయను కోస్తాం, కింద రాలినదాన్ని ఏరుకుంటాం. వరిని కోస్తాం, కోతయ్యాక మడిలో మిగిలిన వెన్నులను, అంటే పరిగను, ఏరుకుంటాం. మరి పత్తి? అది చెట్టు మీదే ఉంటుంది కదా, అయినా "పత్తి ఏరడం" అంటాం. కాయలన్నీ ఒకేసారి పగలవు. పగిలినవాటిని చూసుకుంటూ దూది తీసుకోవాలి, మిగతావాటి కోసం మళ్లీ రావాలి. చేను మొత్తం మీద కొడవలి వేసే పని కాదు. కోతకూ ఏరడానికీ తేడా అక్కడుంది.

ఏరడంలో పని చేసేది కన్నూ వేలూ. ఇదే కుటుంబంలోని మిగతా క్రియల్లో ఆ పని ఇంకెవరో చేస్తారు. జల్లించడంలో జల్లెడ కన్నం నిర్ణయిస్తుంది. చెరగడంలో బరువు: చాటను ఎగరేస్తే పొట్టు బయటికి పోతుంది, గింజ చాటలోకే వస్తుంది. తూర్పారబట్టడంలో గాలి. గాలించడంలో మాత్రం, పేరులో గాలి వినిపించినా, నీళ్లు. బియ్యం నీళ్లలో ఊపుతూ కొంచెం కొంచెంగా ఇంకో గిన్నెలోకి వంపుకుంటే రాయి బరువుకు అడుగునే ఉండిపోతుంది.

ఈ మాటలన్నీ వంటింటినీ కళ్లాన్నీ వదిలి ఎక్కడెక్కడ చేరాయో చూడండి. పోలీసులు గాలిస్తారు, ఊరంతా జల్లెడ పడతారు. నాయకులు ఒకరినొకరు తూర్పారబడతారు, నిప్పులు చెరుగుతారు. కానీ "పోలీసులు ఊరంతా ఏరారు" అని ఎవరూ అనరు. ఎవరు కావాలో తెలిశాక "ఒక్కొక్కరినీ ఏరి పట్టుకున్నారు" అంటాం. గాలించేటప్పుడు వెతికేది ఇంకా కనబడలేదు, ఏరేటప్పుడు కళ్ల ముందే ఉంది. 'ఏరికోరి' అన్న మాటలో ఎత్తిపొడుపు కూడా అందుకే వచ్చిందేమో. "ఏరికోరి తెచ్చుకున్న తంటా" అంటే, కళ్లతో చూసి మరీ తీసుకున్నావుగా, ఇంకెవరిని అంటావని.

చెత్త సంగతీ చూద్దాం. తడి చెత్త, పొడి చెత్త 'వేరు చేయండి' అని మనకు చెబుతారు, 'ఏరండి' అని కాదు. రెండు బుట్టలు పెట్టి ఇది ఇటు, అది అటు వేస్తే వేరు చేయడం. అదే చెత్తలో సీసాలు, అట్టముక్కలు వెతికి తీసుకుని బతికే మనిషిని 'చెత్త ఏరుకునేవాళ్లు' అంటాం. చెత్త ఒక్కటే. మనకు అది రెండు బుట్టల్లో వేయాల్సినది, ఆ మనిషికి అందులో 'కొను' ఉంది.

ఇక ఫోను. ఫొటోలను తేదీ ప్రకారం అమర్చే చోట 'క్రమబద్ధీకరించు' అని కనిపిస్తుంది. తప్పు మాటేమీ కాదు. కానీ రోజూ పేపర్లో 'లేఅవుట్ల క్రమబద్ధీకరణ' చదివే నాకు, నా ఫొటోలేవో అనుమతి లేకుండా కట్టినట్టు, ఫైను కట్టి రెగ్యులర్ చేయించుకోవాల్సినట్టు అనిపిస్తుంది. అక్కడ జరుగుతున్నది ఏరడం కూడా కాదు లెండి. ఏదీ బయటికి పోవడం లేదు, ఏదీ విడిగా తీయడం లేదు. ఉన్నవాటినే ముందూ వెనకా చేస్తున్నాం. 'తేదీ వరసలో' అంటే సరిపోయేది, బటన్ మీద చోటు కూడా మిగిలేది. నచ్చిన పది ఫొటోలు ఎవరికైనా పంపేటప్పుడు మాత్రం ఏరుకోక తప్పదు, అదీ వేలితోనే.